టిక్కుటిక్కుమనే కారు

కారు స్టార్ట్ అయితలేదు. తాళం తిప్పితే టిక్కుటిక్కుమంటుంది, అంతే. ఊకె తిప్పకు, ఉన్న ఛార్జింగ్ గూడ పోతది. బానెట్ లేపి చూస్తే బ్యాటరీ వైర్లకు తెల్లగ చిలుము, దాని మీద ఇంత కుంకుమ! అమాస అమాసకు పూజ చేసి ఇంజన్ మీద కొబ్బరినీళ్లు పోసేది మీ అమ్మ, బానెట్ లేపి పట్టుకునేది నువ్వు. వైర్లు ఊడదీసి, వేడినీళ్లల్ల వంటసోడా కలిపి కడుగు. ఆరినంక గట్టిగ బిగించు. అప్పటికీ కాకుంటే మెకానిక్ హకీం భాయ్‌ని పిలువు. నేను పరీక్ష డ్యూటీకి శంకరంపేట బస్సుకు ఉరుకుతున్న.

అత్తమ్మను ఏమనకు. ఎందుకు పోసినవని నేనడిగితే, నా దిక్కు చూడకుంట గోడకు చెప్పినట్టు, “కోడలు ఒక్కతే పోతది, నడుమ తొవ్వల బండి ఆగొద్దని పోసిన” అన్నది. నా మొఖం మీద ఇన్నేండ్లల్ల ఒక్క మంచిమాట అన్నదా?

– సుమన

వచ్చే అమాసకు టైరు మీద పోయమను. మానుకొమ్మని మాత్రం అనకు.