రూతు చేసిన ప్రార్థన

శనివారం, రాత్రి

సునీతక్క కూడా నాలాగే పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోంది. ఈ రోజు చర్చిలో స్త్రీల కూడికలో వాళ్ల పాప బైబిల్లోని పెద్ద కీర్తన ఒకటి చూడకుండా గడగడా చెప్పేసింది. మా రూతు అదే కీర్తన సగంలో ఆపి నా మొహం చూసింది. నేను నేల చూశాను.

తర్వాత పాస్టరమ్మ సునీతక్కను నిలబెట్టి, ఇంట్లో చదివించే తల్లులకు నాలుగు ధైర్యం మాటలు చెప్పమంది. ఆమె నన్నే చూస్తూ చెప్పింది. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యి కూడా వేసింది.

"దిగులుపడమాకు చెల్లీ. మాకూ మొదట్లో ఇట్టానే ఉండేది."

ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది. ఆమెకు పనిమనిషి ఉంది, ఏసీ గది ఉంది. నేను బియ్యం కడుగుతూ ఎక్కాలు చెప్తాను. ఈ నరసరావుపేట ఎండలకు మధ్యాహ్నం కరెంటు పోయిందంటే మా పాఠం కూడా పోయినట్టే. ధైర్యం చెప్పడానికి ఆమెకేం...

ఆటోలో ఇంటికొచ్చేదాకా, మమ్మల్ని తీసుకెళ్లడానికొచ్చిన మా ఆయనకు ఇదే వినిపించాను. రూతు మా మధ్యలోనే కూర్చుని ఉంది.

పడుకునే ముందు ప్రార్థన దాని వంతు. కళ్లు గట్టిగా మూసుకుంది.

"ప్రభువా, వచ్చేవారం సునీతాంటీ వాళ్ల పాప వాక్యం మర్చిపోవాల. అప్పుడు మా అమ్మ సంతోషంగా ఉంటది."

అట్లా అడగకూడదని చెప్పాల్సింది. దానికి ఏదైనా నేర్పేది నేనొక్కదాన్నే కదా.

నేను మాత్రం ఆమెన్ అన్నాను, రోజూకంటే కాస్త గట్టిగానే.