డగిల్‌కోట్‌లో మనుషులున్నారు

డగిల్‌కోట్,
3 మార్చి 1958

జిల్లా చరిత్ర గ్రంథం కార్యదర్శి ఆస్క్విత్ గారికి,

మా పల్లె చరిత్రను రెండు లైన్లకు కుదించారట. దాన్ని పందొమ్మిదేళ్లు రాశానండీ. పదకొండు ఇళ్లకు అన్నేళ్లెందుకంటే, ఒక ఇంటివాళ్లు చెప్పింది పక్కింటివాళ్లు అబద్ధమంటారు. వెనకటి ప్లేగు కాలంలో మా చర్చి పాడుబడింది, రాళ్లు పందుల దొడ్లకు పోయాయి. నాకు డెబ్బైనాలుగు. మా ఊరి పేరు నాతోనే పోతుందని బెంగగా ఉంది. నేను రాసింది రాసినట్టు వేయండి.

ఇట్లు,
హెస్టర్ పమ్మరీ, ఒకప్పటి పోస్టుమిస్ట్రెస్

తా.క. దొడ్డిలో ఒక రాయి మీద చెక్కిన దేవదూత ఉన్నాడు. పంది ఆయనకేసి వీపు గోక్కుంటుంది.

---

10 మార్చి

మిస్ పమ్మరీ గారికి,

మా గ్రంథం లెక్కలో చర్చి ఉంటే గ్రామం, లేకపోతే పల్లె. పల్లెకు రెండు లైన్లే. మీ చర్చి ఉండి పాడుబడిందన్నారు కనుక మిమ్మల్ని ‘పాడుబడ్డ ఊళ్లు’ భాగంలోకి మార్చాం. అక్కడ మీరు రాసిందంతా పడుతుంది, ఫొటోతో సహా. ఆఖరి మనిషి ఎప్పుడు పోయారో తెలపగలరు.

భవదీయుడు,
లయొనెల్ ఆస్క్విత్

తా.క. తమరు ప్రస్తుతం ఎక్కడ ఉంటున్నారు?

---

14 మార్చి

ఆస్క్విత్ గారికి,

ఇక్కడే ఉంటున్నానండీ. ఇంకో ఇరవై ముగ్గురు కూడా ఉన్నారు. మీ ఉత్తరం చదివి వినిపిస్తే మా పక్కింటి గిల్బర్ట్ టాప్లీ, “ఏమమ్మా హెస్టర్, మనం పోయిన సంగతి మనకు చెప్పొద్దూ? నేను పొద్దున్నే బంగాళాదుంపలు నాటానే,” అన్నాడు. పాడుబడింది చర్చి, మేం కాదు. దయచేసి సరిచేయండి.

ఓపిక అయిపోయిన,
హెస్టర్ పమ్మరీ

తా.క. లేని ఊరికి తను రోజూ సైకిల్ తొక్కుకుంటూ ఎందుకు రావాలని పోస్టుమాన్ అడుగుతున్నాడు.

---

19 మార్చి

మిస్ పమ్మరీ గారికి,

సరిచేయాలంటే మీరంతా ఉన్నట్టు మీ చర్చి పాదిరి సంతకం కావాలి. మీకు చర్చి లేదు, పాదిరీ లేడు. పైగా పల్లెల భాగం నిండిపోయింది. బతికే ఉన్నామంటే ఆ రెండు లైన్లు కూడా రావు. శుక్రవారం అచ్చుకు పోతుంది, ఫొటోల పేజీలు ఆ తర్వాత. ఏదో ఒకటి చెప్పండి.

భవదీయుడు,
ఆస్క్విత్

తా.క. ఈ గ్రంథం మొదలుపెట్టినప్పుడు నా తల నిండా జుట్టుండేది.

---

20 మార్చి

ఆస్క్విత్ గారికి,

ఈ పొద్దున మీ ఉత్తరం రాగానే అందరం టాప్లీ వంటింట్లో కూర్చున్నాం. టీ రెండుసార్లు కాచాల్సొచ్చింది. “బతికుండి మనమేం వెలగబెట్టాం? పోయామనే రాయించు,” అన్నాడు గిల్బర్ట్. ఒక్కరూ కాదనలేదు. పక్కింటివాళ్ల మాటకు ఈ ఊళ్లో అందరూ తలూపడం నేను చూడటం ఇదే మొదలు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మేం పోయాం. అలాగే వేయండి. నేను రాసినదాంట్లో ఒక్క ముక్క తీసినా ఊరుకోను.

ఇట్లు,
కీర్తిశేషురాలు హెస్టర్ పమ్మరీ

తా.క. ఫొటో తీసేవాడు ఏ రోజు వస్తాడో ముందే రాయండి. ఆరేసిన బట్టలు తీసేస్తాం, పొయ్యిలు ఆర్పేస్తాం. మిసెస్ లవ్‌గ్రోవ్ మాత్రం కొత్త టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడతానంటోంది. పోయినవాళ్లు నిలబడరమ్మా అంటే, కుర్చీ వేసుకుంటానంది.