చేపముల్లుకి అరవై దాటాయి

సెప్టెంబరు 6

‘దోనె’ కొత్త సంచిక వచ్చింది. పోస్ట్‌మాన్ గేటు దగ్గర్నుంచే కేక — "చేపముల్లు గారూ, మీ పుస్తకమండీ!"

ఈయనకి కూడా ఆ పేరు చెప్పేశారన్నమాట. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ సిస్టరు గారిని. రిటైరై అమ్మతో వట్లూరు వచ్చి పడ్డాక మళ్ళీ నాన్న నన్ను చూసి రాసిన కథల్లోని తొమ్మిదేళ్ళ పిల్లని.

సెప్టెంబరు 7

పొద్దున్నంతా అమ్మకి ‘దోనె’ చదవడమే సరిపోయింది. చూపు మందగించాక అమ్మకి నేనే కళ్ళు. సంపాదకీయం దగ్గర్నుంచి చందాదారుల చిరునామా మార్పుల దాకా ఒక్క ముక్క వదలనివ్వదు.

"ఆ లాకు గొడవ మళ్ళీ చదువు" అంది. నాన్న కథలో చేపముల్లు దోనె ఇరుక్కుపోయిన కాలవ లాకు ఏదని అభిమానులు మూడు సంచికల నుంచీ కొట్టుకుంటున్నారు. భీమడోలు వాళ్ళు మాదంటారు. ఉండి వాళ్ళు కాదు మాదంటారు. ఈసారి ఒకాయన తాడు పట్టుకెళ్ళి లాకు వెడల్పు కొలిచి, బొమ్మ గీసి మరీ పంపాడు. నిజానికి అది నాన్న కూర్చున్నచోట కూర్చుని పుట్టించిన లాకు. నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. ఇద్దరం బయటపడం. అమ్మ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

నాన్న పోయాక ఇంట్లో ఆ నవ్వు ఈ పత్రిక వచ్చినప్పుడే వినబడుతుంది. మూడు నెలలకోసారి. ఆ నవ్వే నా కాళ్ళకి బంధం.

సెప్టెంబరు 11

శేషగిరిరావు గారి ఫోను. భీమడోలు స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైన మనిషి, ఇప్పుడు నాన్న అభిమానుల మిత్రమండలికి అధ్యక్షుడూ ఆయనే, పత్రికకి సంపాదకుడూ ఆయనే. "చేపముల్లు గారూ, ప్రశ్నలు చదవమంటారా అండీ?"

‘చేపముల్లుని అడగండి’ శీర్షిక. పిల్లలు రాసి పంపుతారు. నేను తొమ్మిదేళ్ళ దాన్నై జవాబులు చెబితే ఆయన ఫోన్లోనే రాసుకుంటారు. కొల్లేట్లో మొసళ్ళుంటాయా? గౌను జేబులో మరమరాలు తడిసిపోతే ఏం చేస్తావు? చెప్పాను. గొంతు సన్నం చేసి చెప్పాను! ఎవరు చెయ్యమన్నారు? అలవాటైపోయింది. అదే భయం.

చివర్లో ధైర్యం కూడదీసుకుని అన్నాను — ఈసారి నుంచి ఇంకెవరినైనా చూసుకుంటారేమోనండీ...

"అయ్యబాబోయ్, అంత మాటనకండి. మీరుండగా ఇంకొకరా అండీ!"

అయిపోయింది. ఆ మెత్తదనం ముందు ఏం చెయ్యను? గోడైతే గుద్దొచ్చు, పరుపుని గుద్ది ఏం లాభం.

సెప్టెంబరు 12

షుగరు పెరిగింది. వంటింట్లో ఏ డబ్బా మూత తీసినా మరమరాలే. ఇంటికొచ్చిన ప్రతి అభిమానీ చేతిలో పొట్లం. కథలో ఉందిగా. కాకులకి వేస్తున్నాను.

సెప్టెంబరు 21

ఆదివారం. మండలి వాళ్ళు మా వరండాలోనే చేరారు. ‘దోనె’ని చేతులు మార్చుకుంటూ పైకి చదువుకోవడం, పడీపడీ నవ్వడం, ఎవరో ఒకరు కథలో వాక్యం అందుకుంటే మిగతావాళ్ళు పూర్తి చెయ్యడం. వాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది. అబద్ధమెందుకు.

మండలిలో చేరిన రోజే నాన్న కథల్లోంచి ఒక పేరు ఎంచుకోవాలి. ఆ తర్వాత వాళ్ళ అసలు పేరు ‘దోనె’లో అచ్చు కాదు, అది నియమం. శేషగిరిరావు గారు లాకు తాత. ఉండి నుంచొచ్చే రొయ్యల చెరువుల ఆసామి గూడబాతు. తాడేపల్లిగూడెం లాయరమ్మ గారు జమ్ముపొద. కోర్టులో ఆవిడ నోరు తెరిస్తే ఎదుటి పార్టీ వణుకుతుందట, ఇక్కడ "జమ్ముపొదా!" అని పిలిస్తే కుర్చీలోంచి లేచి గెంతుతుంది.

వాళ్ళకి ఆ పేరు సెలవు. నాకు డ్యూటీ. వాళ్ళు బస్సెక్కాక పేరు విప్పేసుకుంటారు. నేను ఇంట్లో కూడా విప్పలేను.

లాయరమ్మ గారు కాఫీ తాగుతూ — "మీరు పెళ్ళి చేసుకోకపోవడమే బాగుందండి. చేపముల్లు ఎవరికీ చిక్కదని మాస్టారు ముందే రాశారు కదా!" అందరూ చప్పట్లు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను?

సెప్టెంబరు 22

రాస్తాను. ఒక్క పేజీ. నా గురించి, నా పేరుతో. ఎం. గ్రేస్ సుశీల, ఆపరేషన్ థియేటరు నర్సు. తొమ్మిదో ఏడు దాటాక నేను బతికినదంతా ఎవరికీ అక్కర్లేదా?

సెప్టెంబరు 29

రాయడం చేతకాదు. మాస్టారి కూతురినట...

అక్టోబరు 4

వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే అదే వచ్చింది. పేరు ‘మత్తు ఎక్కేముందు’.

మాస్కు పెట్టేముందు వాళ్ళ చెయ్యి పట్టుకునేదాన్ని. ఆ నిమిషంలో మనుషులు ఏమంటారో అదే రాశాను. గేదెకి కుడితి ఎవరు పెడతారో అని ఏడ్చినాయన. రొయ్యల చెరువుకి గాలి కొట్టే ఏరేటర్లు వేశారో లేదో ఫోన్ చేసి కనుక్కోమన్న కుర్రాడు. ఎక్కాలు అప్పజెప్పుకున్న హెడ్మాస్టరు.

ఇంక పెదపాడు ఆవిడ. అప్పట్లో నా ఈడుదే. "నీ పేరేంటమ్మా?" అంది. సుశీలండీ అన్నాను. "సుశీలా... వదలకు" అంది. వదల్లేదు. ఆవిడ మళ్ళీ లేవలేదు. ఒక మనిషి ఆఖరి మాటలో నా పేరుంది. ఇన్నేళ్ళూ ఇది ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. రాశాక చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఆకలేసింది, అట్టు వేసుకు తిన్నాను.

అక్టోబరు 9

రైల్లో తాడేపల్లిగూడెం. ‘దోనె’ అక్కడే అచ్చవుతుంది. శేషగిరిరావు గారు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటున్నారు, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని. పేజీ చేతిలో పెట్టాను. అక్కడే చదివారు. కళ్ళు తుడుచుకున్నారు.

"చాలా గొప్పగా ఉందండి. ఏదోలా వేసేద్దామండి. నాకొదిలెయ్యండి."

ప్రెస్సులో అందరికీ టీలు తెప్పించారు. తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. పొట్టకొచ్చిన వరిచేలు. చాలా కాలానికి ఊపిరాడింది.

నవంబరు 2

లెక్క చూసుకుంటున్నాను, డిసెంబరు ఎంతలో ఉందని. ప్రసవానికి రోజులు లెక్కపెట్టుకునేవాళ్ళలా. నవ్వొస్తోంది.

నవంబరు 16

అమ్మ — "ఈమధ్య నీ నడక మారిందే. ఏంటి సంగతి?" పుస్తకం రానీ చెబుతానన్నాను.

డిసెంబరు 5

వచ్చింది.

డిసెంబరు 6

నిన్న రాయలేకపోయాను.

అమ్మని కూర్చోబెట్టి, దిండు సర్ది, ముందుగా నా పేజీయే తీశాను. పైకి చదవడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు చదివేదాకా దాన్ని ఏం చేశారో తెలియలేదు.

‘చేపముల్లు డాక్టరాట’. బాతుపిల్లకి కడుపునొప్పి. చేపముల్లు తాటాకుతో మాస్కు చేసి ముక్కుకి కట్టింది. "గుడ్లకి కాపలా ఎవరుంటారో" అని ఏడ్చింది బాతు. తర్వాత ఎక్కాలు అప్పజెప్పింది. ఆ తర్వాత "నీ పేరేంటి?" అంది. "చేపముల్లు!" "చేపముల్లూ, వదలకు... అబ్బ, చక్కిలిగిలి!" అంటూ ఎగిరి నీళ్ళలోకి దూకేసింది. కింద సంతకం — చేపముల్లు.

ఆపలేకపోయాను. అమ్మ ముందు ఎలా ఆపను? చక్కిలిగిలి దాకా చదివాను, ఆ సన్నటి చేపముల్లు గొంతుతోనే. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఒసేయ్, ఇది అచ్చం మీ నాన్న రాసినట్టే ఉంది! నీకూ వచ్చిందే ఆ చెయ్యి!"

పెదపాడు ఆవిడని బాతుని చేశారు.

డిసెంబరు 7

ఫోన్లు ఆగడంలేదు. గూడబాతు గారు — "మా మనవలు మంచాలెక్కి అదే ఆట అండీ, ఒకడు బాతు, ఒకడు మీరు." జమ్ముపొద గారు — "ఇంతకాలం ఎందుకు దాచారండీ ఈ కళ?" ఎవరో భీమవరం నుంచి, ఊరికే చక్కిలిగిలీ అని నవ్వి పెట్టేశారు.

వాళ్ళ తప్పేముంది. సంతోషంగా ఉన్నారు.

డిసెంబరు 8

నేనే చేశాను శేషగిరిరావు గారికి. అడిగేద్దామని, కడిగేద్దామని.

"నియమం తమకి తెలిసిందే కదండీ, అసలు పేరు అచ్చు చెయ్యకూడదాయె. మీ ఒక్కరికీ మారిస్తే రేపు అందరూ అడుగుతారు. చేపముల్లు సంతకం కింద చావు కథ ఎలా వెయ్యనండీ? పిల్లలు హడలిపోరూ? మాస్టారుంటే ఎలా రాసేవారా అని మూడు రోజులు తిండి సయించలేదండి నాకు." నిజంగానే తినలేదు ఆ మనిషి. "బాగోలేదా అండీ?"

"బాగుందండీ" అన్నాను.

బాగుందండీ అన్నాను! తెగిపోయినా బాగుండును ఈ నాలుక. ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటే చూడలేనిదాన్ని, నన్ను నేను ఎంతసేపైనా చిన్నబుచ్చుకోగలను.

డిసెంబరు 14

గుడివాకలంక నుంచి కొల్లేటి మీద పడవలో మండలి వార్షికోత్సవం. అమ్మని కుర్చీతో సహా ఎత్తి ఎక్కించారు. ఉన్ని శాలువా కప్పుకుని ముందు వరసలో మహారాణిలా కూర్చుంది. మంచి ఎండ. దూరంగా చెట్ల నిండా పక్షులు.

నా సంచిలో ‘మత్తు ఎక్కేముందు’ మొదటి ప్రతి ఉంది. చదివేస్తాను, ఏమైతే అదవుతుంది అనుకున్నాను. నీళ్ళ మధ్య ఎవరూ లేచిపోలేరు కదా. నేనూ లేచిపోలేనని అప్పుడు తట్టలేదు.

కొత్త సభ్యులకి పేర్లు పెట్టారు. డాక్టరాట కథని ఇద్దరు నాటకమాడి చూపించారు. తాటాకు మాస్కు నిజంగానే చేసుకొచ్చారు పాపం. ఆ తర్వాత నన్ను మాట్లాడమన్నారు. లేచాను. కాగితం తీశాను.

"నా పేరు —"

"చేపముల్లూ!" పడవ పడవంతా ఒకే గొంతు. ముందే అనుకున్నారట, నన్ను ఆశ్చర్యపరచాలని. ఆ అరుపుకి పక్షులు లేచిపోయాయి. అందరూ పైకి చూసి చప్పట్లు. అన్ని గొంతుల్లోనూ ఒక గొంతు కాస్త ఆలస్యంగా వినబడింది, బొంగురుగా. అమ్మది.

కూర్చున్నాను. గూడబాతు గారు నా ఒళ్ళో మరమరాలు పోశారు.

డిసెంబరు 15

ఏమీ లేదు. బట్టలు ఉతికాను.

డిసెంబరు 17

ఇవాళ అమ్మ మీద అరిచాను, చారులో ఉప్పు లేదన్నందుకు. తర్వాత ఉప్పు వేసి కలిపి పెట్టాను. తింది.

అమ్మకి ఎనభై ఐదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అంటే... ఛీ. ఏం ఆలోచనలివి. కొట్టేద్దామనుకున్నాను ఈ లైను. ఉండనీ.

డిసెంబరు 20

శేషగిరిరావు గారు. "కొత్త సంచికకి ఒక్కటే ప్రశ్నండి. రెండో తరగతి పాప. ఫోన్లో వద్దండి, తీరిగ్గా రాసి పంపండి. ఈసారి మీ చేతిరాతనే బ్లాకు తీసి అట్ట లోపల వేస్తున్నాం. మీరు రాసింది రాసినట్టే. అక్షరం ముట్టుకోనండి, ఒట్టు."

డాక్టరాట విషయంలో నా మనసు కష్టపెట్టానేమోనని ఆయనకి అనుమానం ఉన్నట్టుంది. నోరు తెరిచి అనలేదు. ఆయనా నాలాగే ఈ వైపు మనిషే కదా.

ప్రశ్న — చేపముల్లూ, నువ్వు పెద్దయ్యాక ఏమవుతావు?

డిసెంబరు 22

సరదా జవాబులు అయిదారు తట్టాయి. చెరువు గట్టు మీద కొంగనవుతాను. మరమరాల కొట్టు పెడతాను. అవి రాస్తే అందరూ మెచ్చుకుంటారు. అమ్మ పడీపడీ నవ్వుతుంది. అన్నీ కొట్టేశాను.

డిసెంబరు 23

తెల్ల కాగితం మీద నల్ల సిరాతో, గుండ్రంగా రాశాను.

పెద్దయిపోయానమ్మా. నర్సునయ్యాను. నా పేరు సుశీల.

అంతే. ఇంకో మాట కలపబుద్ధి కాలేదు. సాయంత్రం డబ్బాలో వేస్తే క్రిస్మస్ మర్నాటికి భీమడోలు చేరుతుంది.

కవరులో మడిచి పెడుతుంటే కాగితం చప్పుడు అమ్మ విన్నట్టుంది. మంచం మీంచి — "జవాబు రాసేశావటే? ఏదీ, చదువు. పొద్దుట్నుంచీ నవ్వలేదు."

కళ్ళజోడు కనబడటంలేదమ్మా అన్నాను. ముక్కు మీదే ఉంది.

"వెతుక్కో. నేనెక్కడికీ పోను" అంది.