సోమవారం తమ్ముడు, గురువారం అన్న

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆపరేషన్ 24న. బార్నబాష్ గుండెలో వాల్వ్ మార్చాలట. డాక్టర్ అంతా వివరంగా చెప్పాక మా ఆయన అడిగింది ఒక్కటే: ఈలోగా వేడి ఊటల స్నానశాలకి వెళ్లొచ్చా అని. గోరువెచ్చని తొట్టిలో కాసేపైతే సరే, వేడినీళ్ల జోలికి వెళ్లొద్దు, ఒంటరిగా అసలే వద్దు అన్నాడు డాక్టర్. నాకు భయంగా ఉంది. ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 12

కొండ కింద ఉన్న గుమ్మటం స్నానశాలలో మంగళవారం ఒక్కటే ఆడవాళ్లది. మిగతా రోజులన్నీ మగవాళ్లవి. శని, ఆదివారాలు మాత్రం అందరూ కలిసి దిగొచ్చు. శనివారం వెళ్దాం, నేనూ పక్కనే ఉంటాను అన్నాను. ససేమిరా అన్నాడు. శనివారం అది స్నానం కాదట, సంతట. ఫోన్లు పైకెత్తి కేకలు పెట్టే టూరిస్టుల మధ్య నానబెట్టడానికి నేనేమన్నా సూపులో వేసే చిక్కుడు గింజనా అన్నాడు. పెళ్లికి ముందు నుంచీ అతనిది గురువారమే. ఇదే ఆఖరు స్నానమేమో అని అతని మనసులో ఉంది. పైకి అనడు, నాకు తెలుసు.

గురువారం నన్ను లోపలికి రానివ్వరు.

ఫిబ్రవరి 15, శనివారం

మనసు మళ్లిద్దామని ఊరు చూపించడానికి తీసుకెళ్లాను. ఇద్దరం పుట్టి పెరిగిన బుడాపెస్టే. ట్రాము షెడ్డులో ఫిట్టరుగా జీవితమంతా గడిపినవాడు, పార్లమెంటు ముందు నుంచి రోజూ వెళ్లినవాడు, లోపల మాత్రం ఎన్నడూ అడుగు పెట్టలేదు. నేనూ అంతే. టూరిస్టుల వెనక వరసలో నిలబడి, అక్కడ దాచిన పాతకాలం రాజుల కిరీటం చూశాం. దాని మీద శిలువ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఇంతమందిని కత్తులిచ్చి కాపలా పెట్టే బదులు ఒక్క ఫిట్టర్ని పిలిస్తే పోయేదిగా అని గొణిగాడు. ముందున్న ముసలావిడ పక్కున నవ్వింది.

తర్వాత బసిలికా, ఊళ్లో పెద్ద చర్చి. గాజు పెట్టెలో వెయ్యేళ్లనాటి ఇష్త్వాన్ రాజుగారి కుడిచెయ్యి, చిన్నగా, ఎండిపోయి, పిడికిలి బిగించి ఉంది. బార్నబాష్ దాని ముందు చాలాసేపు నిలబడిపోయాడు. మెట్లు దిగుతూ, మనిషిలో ఏ ముక్క మిగులుతుందో ముందు తెలియదు కదా పిరోష్కా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. జలుబు చేసినట్టు ముక్కు చీదుకున్నాను.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, ఊరు చూడ్డం అయిపోయింది, ఇక గురువారం సంగతి చూడు అన్నాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

తివదర్‌కి ఫోన్ చేశాను. బార్నబాష్ తమ్ముడు. ఒక క్రిస్మస్‌నాడు మా ఇంట్లో, చేపల పులుసు ఇంకా పొగలు కక్కుతుండగానే, ఓట్ల మాటొచ్చి అన్నదమ్ములు అరుచుకున్నారు. ఒకడికి దేవుడైన నాయకుడు ఇంకొకడికి దొంగ. తివదర్ కోటు తగిలించుకుని వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఈ ఊళ్లో సగం ఇళ్ల కథ ఇదే. ఇద్దరూ దిగేది మాత్రం ఆ నీళ్లలోకే. ఎదురుపడకుండా తమ్ముడు సోమవారం వెళ్తాడు, అన్న గురువారం వెళ్తాడు.

ఈ వారం నువ్వూ గురువారం వెళ్లు, అన్న పక్కన ఉండు అన్నాను. నన్ను చూస్తే వాడు నీళ్లలోంచి లేచి వెళ్లిపోతాడు వదినా అన్నాడు. లేస్తే తన కాళ్ల మీదే లేస్తాడుగా, నాకదే చాలు అన్నాను. ఎన్నింటికి రమ్మంటావు అన్నాడు.

బార్నబాష్‌కి చెప్పలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

స్నానశాల బయట, వంతెన పక్కన ఊట నీళ్లు అమ్మే గదిలో కూర్చున్నాను. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే ఆ నీళ్లు గ్లాసు మీద గ్లాసు తాగాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో చెడుకబురుతో పరుగున వస్తున్నారనిపించింది.

చివరికి బార్నబాష్ వచ్చాడు. పది అడుగులు వెనక తివదర్. ఇద్దరి మొహాలూ మిరపపళ్లలా ఎర్రగా ఉన్నాయి. ఏ తొట్టిలో కూర్చున్నారు అన్నాను. గోరువెచ్చని దాంట్లోనే అన్నారు, ఇద్దరూ ఒక్కసారే, ఒక్క గొంతుతో. తొమ్మిదేళ్ల తర్వాత అన్నదమ్ములు కలిసి చేసిన మొదటి పని నాకు అబద్ధం చెప్పడం! ఒళ్లు మండిపోయింది. సంతోషమూ ఆగలేదు.

మాట్లాడుకున్నారా అని ఇంటికొచ్చాక అడిగాను. మాటలా, వాడితోనా అన్నాడు. పోట్లాడుకున్నారట. గుమ్మటం కింద గొంతులు మారుమోగిపోయి, తక్కిన ముసలివాళ్లంతా నోళ్లు మూయండ్రా అని కసిరారట. వాడు ఇంకా ఆ పార్టీ పేపరే చదువుతున్నాడు, గాడిద అన్నాడు. రెండు గిన్నెలు సూపు తాగాడు. ఇంత కళగా చూసి ఎన్నాళ్లయిందో.

ఫిబ్రవరి 24

తీసుకెళ్లారు.

ఫిబ్రవరి 26

ఆపరేషన్ బాగానే జరిగిందట. మనిషి మాత్రం కళ్లు తెరవడం లేదు.

మార్చి 1

ఇంకా అంతే. వినిపిస్తుందేమో, మాట్లాడుతూ ఉండండి అన్నారు. పక్కింటివాళ్ల కుక్క గురించి చెప్పాను. ట్రాము షెడ్డు గురించి చెప్పాను. నువ్వు లేకపోతే నేనేం చెయ్యను అని కూడా చెప్పాను. వేలు కూడా కదలలేదు.

తివదర్ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. మరుగుతున్న దాంట్లోకే దిగాడు వదినా, ఆపలేదు నేను, నేనే చంపుకున్నాను అన్నాడు. వెళ్లి డాక్టర్ని అడిగాను. దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు. వచ్చి తివదర్‌కి అదే చెప్పాను. సగమే నమ్మాడు. నేనూ సగమే నమ్మాను.

రేపటినుంచి నీ పేపరు పట్టుకురా అన్నాను.

మార్చి 4

మంత్రిగారి ఉపన్యాసం మొత్తం చదివాడు తివదర్, గొంతెత్తి. నర్సు వచ్చి తిట్టింది. చదవనివ్వండి అన్నాను.

మార్చి 6

ఏ కదలికా లేదు. రేపు రానులే వదినా అన్నాడు. వస్తావు అన్నాను.

మార్చి 8

సంపాదకీయం మధ్యలో బార్నబాష్ మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. కళ్లు తెరవకుండానే.

తివదర్ మంచం చుట్టూ తిరిగి గోడవైపు వెళ్లి నిలబడి, మిగతాది చదివాడు.