నాకు తెలీదన్న మేడమ్

ఏప్రిల్ 11, సోమవారం

చిరంజీవి చెల్లికి,

అక్క దీవించి రాసేది. నేనిక్కడ క్షేమం. నువ్వు, పిన్ని, బాబాయి కులాసాగా ఉన్నారని తలుస్తాను. ముసలమ్మలా మొదలుపెట్టానని నవ్వకు. నేరుగా విషయంలోకి దిగే ధైర్యం చాలక మర్యాదలు ముందు పెట్టాను.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. చెప్పలేను. నీ గొంతు వింటే నా మాట మారిపోతుంది. పైగా మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరు ఎప్పుడు వెనక నిలబడి ఉంటారో తెలీదు.

పీహెచ్‌డీకి రెండు చోట్లా సీటొచ్చిందని, శుక్రవారం సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చాలని, అక్క ఉన్నచోటికే పోతానని అంటున్నావని పిన్ని చెప్పింది. ఇద్దరం ఒకే గదిలో ఉండొచ్చు, ఒకే గైడ్ దగ్గర థియరీ చెయ్యొచ్చు, సార్ పేరు చెబితే ఫిజిక్స్ వాళ్ళెవరైనా కుర్చీలోంచి లేచి నిలబడతారు అన్నావట. నిలబడతారు, నిజమే. ఆయన తెలివిని నేను ఒక్క మాట తక్కువ చేసి చెప్పను. సుద్దముక్క పట్టుకున్నారంటే మేం ఊపిరి తీసుకోవడం మరిచిపోతాం.

కానీ ఇక్కడొక పద్ధతి ఉంది. నువ్వు చూడ్డానికొచ్చిన రోజున నీకెవరూ చెప్పలేదు, ఎందుకంటే ఏ గదిలోకి వెళ్ళినా సార్ నీ పక్కనే ఉన్నారు. ఆయన ఒకే లెక్కను ఇద్దరికి ఇస్తారు. ఒకరికిచ్చిన సంగతి రెండోవాళ్ళకి చెప్పరు. ముందు తేల్చినవాళ్ళ పేరు పేపర్ మీదికెక్కుతుంది. రెండోవాళ్ళు అన్నాళ్ళూ చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇదేమిటి సార్ అని అడిగితే, ప్రకృతి మీకోసం ఆగుతుందా అంటారు. అందుకే మేం మంచినీళ్ళకి లేచినా బోర్డు తుడిచి మరీ లేస్తాం. నవ్వొస్తోందా? మొదట్లో నాకూ వచ్చింది.

మా గదిలో ఒక సీనియర్ ఉన్నాడు, అందరం గడ్డం అన్నయ్య అంటాం. నేను చేరిన కొత్తలో జ్వరంతో పడుంటే మందులు తెచ్చిపెట్టినవాడు. పోయినేడాది చలికాలంలో నేనొక లెక్క మీద పడ్డాను. పైన ఎక్కడో ఒక మైనస్ గుర్తు వదిలేశాను. దాంతో కింద ఒకదానితో ఒకటి కొట్టేసుకోవాల్సినవి మిగిలిపోయి, జవాబు ప్రతిసారీ అనంతానికి పోయేది. నా కళ్ళకి ఆ తప్పు కనిపిస్తేగా! ఒకరోజు నేను బోర్డు తుడిచేలోపే అన్నయ్య టీ కప్పుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు. పైనుంచి కింది దాకా చూశాడు. బావుందమ్మా, కానివ్వు అన్నాడు. టీ తాగేసి వెళ్ళిపోయాడు. ఆ లెక్కే అతని దగ్గరా ఉందని, పేపర్ మీద అతని పేరు చూశాక గానీ నాకు తెలీలేదు.

వెళ్ళి నిలదీశాను. తప్పు చూశావా లేదా చెప్పు అన్నాను. చూశానమ్మా, నీకు చెప్పుంటే నేను వీధిన పడేవాణ్ణి, నా గడువు అయిపోవచ్చింది అని ఏడ్చాడు. తిట్టడానికి వెళ్ళినదాన్ని మంచినీళ్ళిచ్చి వచ్చాను. మంచివాడేనే. ఇక్కడికి రాకముందు ఇంకా మంచివాడై ఉంటాడు. నాకు మాత్రం ఇప్పటికీ ఒక్క పేపరూ లేదు. ఈ ఏడూ ఇలాగే గడిస్తే సార్ నన్ను ఇంటికి పంపించేస్తారు.

మొన్న సార్ నన్ను పిలిచి, వచ్చేది మీ చెల్లెలటగా, ఇద్దరి బుర్రలూ ఒకేలా పనిచేస్తాయేమో చూద్దాం అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలుసు. ఒకే లెక్క మనిద్దరికీ ఇస్తారన్నమాట.

ఇక నీకు సీటొచ్చిన రెండో చోటు, ఆ చిన్న యూనివర్సిటీ సంగతి. అక్కడి మేడమ్ మాటిమాటికీ నాకు తెలీదు అన్నారని, ఆవిడకే తెలీకపోతే నాకేం నేర్పుతుందని ఈసడించావట. పిచ్చిదానా! నేనిక్కడ ఇన్నాళ్ళలో ఆ మాట ఒక్కరి నోటా వినలేదు. తెలీదన్నాక ఆవిడేం చేశారు? సుద్దముక్క నీ చేతికిచ్చి, రా చూద్దాం అన్నారట. నువ్వేదో తప్పు రాస్తే అక్కడే ఆపి చూపించారట, నువ్వు చిన్నబుచ్చుకున్నావట. అవన్నీ నువ్వే పిన్నికి చెప్పావు. మెట్లకింద గది, కారే పైకప్పు, కిర్రుమనే కుర్చీ అంటూ మూతి కూడా ముడిచావట. కుర్చీ మార్చుకోవచ్చే తల్లీ, గైడ్‌ని మార్చుకోవడం ఎంత కష్టమో నన్నడుగు.

అక్కడికే వెళ్ళు. పెద్ద పేరున్నచోటు కాలదన్నుకుందని బాబాయి గొణిగితే, అక్క చెప్పిందని నెపం నా మీదికి తోసెయ్. నా వీపు గట్టిదే.

పిన్నికీ బాబాయికీ నా నమస్కారాలు.

ఇట్లు,
నీ మేలు కోరే
అక్క

తా.క.: ఒక సంగతి దాచాను. ఆ మేడమ్ ఏడాదికి ఒక్కరినే తీసుకుంటారు. ఇక్కణ్ణుంచి బయటపడాలని నేనూ అక్కడికి అప్లై చేశాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సీటు నీకొచ్చింది. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నాది. నువ్వు వద్దన్నావంటే శుక్రవారం సాయంత్రానికి అది నాదవుతుంది. రావే చెల్లీ, సార్ చాలా గొప్పవారు అని ఒక్క ముక్క రాస్తే చాలు. పిన్ని కబురు చెప్పినప్పటినుంచీ టీ కప్పు పట్టుకుని నీ వెనకే నిలబడి ఉన్నాను.

నా మీద జాలిపడి ఆ సీటు వదిలేశావో, జన్మలో నీ మొహం చూడను. ఇది చదవగానే సరేనని వాళ్ళకి పంపెయ్. పంపాకే నాకు ఫోన్ చెయ్. ముందు చెయ్యకు. ముందే చేస్తే నేనేం చెబుతానో నాకే నమ్మకం లేదు.