కోడళ్ల గోడ

వాల్‌బ్రెస్ కోట,
సోమవారం

నా బంగారు క్లోతిల్డ్ అక్కకి,

ఈ ఉత్తరం నాలుగు గదులు తిరుగుతూ రాస్తున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. శనివారం బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేస్తున్నాను. చూసి పోవడానికి కాదు, ఉండిపోవడానికి.

నీ మరిది మీద నాకు కోపం లేదు. తిబోకి పెళ్లాం కంటే కోట ముందు, అంతే. తెల్లారితే చాలు, చూడవచ్చినవాళ్లని వెంటేసుకుని తిరుగుతాడు. ఈ బురుజు ఇంగ్లీషువాళ్లతో యుద్ధం నాటిదట, ఈ మెట్లు ఇటలీ చూసొచ్చి మనసు పారేసుకున్న తాత కట్టించాడట, విప్లవం రోజుల్లో ఊరివాళ్లు ఈ వంటశాలలో గుర్రాలు కట్టేశారట. అన్నీ మగవాళ్ల కథలే. ఆడవాళ్లకి మిగిలింది భోజనాల గదిలో ఒక్క గోడ. కోడలుగా వచ్చినామె ఆ గోడకి అంటించి ఉన్న పాత కాగితం మీద పెన్సిల్‌తో తన పేరు రాసి, దాని మీద తనకి నచ్చిన పూలో పిట్టలో ఉన్న కాగితం అంటించుకోవాలి. అప్పుడే ఆమె ఈ ఇంటిది. ఇప్పుడు పైనున్న గులాబీలు మా అత్తగారివి.

నా పెళ్లికి నువ్వు ఎంచిన నీలం పిట్టల కాగితం ఇంకా బీరువా మీదే దుమ్ము కొట్టుకుపోతోంది. నిన్న మళ్లీ అడిగాను. ఒనొరీన్ అత్తయ్య మేక జున్ను కోస్తూ తలైనా ఎత్తలేదు.

“నే పోయాక అంటించుకుందువుగానిలే. అందాకా చుట్టంలా హాయిగా ఉండమ్మా.”

చుట్టంలా! ఇన్నేళ్లు ఆవిడ మోకాళ్లకి కాపడం పెట్టిన మనిషిని. గదిలోకెళ్లి పెట్టె సర్దేశాను అక్కా. ఇంకా తిబోకి చెప్పలేదు.

నీ చెల్లెలు,
జిస్లేన్


వాల్‌బ్రెస్,
గురువారం

అక్కా,

మొన్నటి వానకి భోజనాల గది గోడ చెమ్మెక్కి గులాబీల కాగితం ఉబ్బిపోయింది. తిబోకి పండగే అనుకో. పొరలన్నీ మెట్లు మెట్లుగా విప్పి జనానికి చూపిస్తానని చాకు పట్టుకొచ్చాడు. అత్తయ్య గోడకి అడ్డంగా నిలబడింది.

“దాని మీద చెయ్యేశావో, నీకూ నాకూ చెల్లు!”

“అమ్మా, ఇది చరిత్రే!”

“నీ చరిత్ర వెళ్లి బురుజులో చెప్పుకో. ఇటు రాకు.”

అతను నవ్వుతూ పక్కనుంచి చెయ్యి పోనిచ్చి లాగాడు. తడి కాగితం ఒక్కసారిగా ఊడొచ్చింది. దాని కింద పెన్సిల్‌తో యూలాలీ అని రాసుంది. యూలాలీ తిబో నాయనమ్మ. అంటే గులాబీలు ఆవిడవన్నమాట. ఇంకా కిందికి విప్పాడు. ఆవిడ అత్తగారి పేరు, ఆ పైతరం ఆవిడ పేరు, చివరికి ఉత్త సున్నం. ఒనొరీన్ పేరు ఎక్కడా లేదు.

“మరి నీదేదమ్మా?” అన్నాడు తిబో.

“మీ నాయనమ్మ అంటించనివ్వలేదురా. రైలు గేటువాడి కూతురి పూలు నా గదిలోనా, అంది. ఆవిడ పోయాక అంటించడానికి నాకు సిగ్గేసింది. అందరూ గులాబీలు నావే అనుకున్నారు. అనుకోనిచ్చాను.” తర్వాత నా వైపు తిరిగింది. “నాకు లేనిది నీకెందుకుండాలని కడుపుమంటే పిల్లా. ఇంకేం లేదు.”

జాలిపడ్డాననుకోకు. ఒళ్లు మండిపోయింది.

“శనివారం వెళ్లిపోతున్నాను” అన్నాను, ఇద్దరికీ వినబడేలా.

తిబో అప్పటికే దీపం తెచ్చి పేర్లకి ఫొటోలు తీస్తున్నాడు.

“అలాగే, అలాగే. అమ్మా, కాస్త జరుగు, నీ నీడ పడుతోంది.”

అత్తయ్య జరిగింది. కొడుకుని చాలాసేపు చూసింది. నేను వంటింట్లోకి వచ్చి ఊరికే గిన్నెలు అటూ ఇటూ మారుస్తుంటే, వెనకాలే వచ్చి నిలబడింది.

“మీ అక్క ఇల్లు పాతదా?”

“కాదు. అక్కే కట్టుకుంది. ఏం?”

“గోడల మీద ఎవరి పేర్లూ లేవుగా?”

“లేవు.”

అత్తయ్య మెడలోంచి కోట తాళాల గుత్తి తీసి బల్ల మీద పడేసింది.

“అయితే నా పెట్టె కూడా దించు. అటకమీదుంది, నాకందదు.”

నాకు ఇంకా కోపం తగ్గలేదు అక్కా. కానీ రావద్దని నోట రాలేదు. శనివారం ఇద్దరం దిగుతున్నాం.

జిస్లేన్