వెనకద్దం కింద తడిసిన సీటు

బావగారికి,

మీ కారు నా షెడ్డులో క్షేమంగా ఉంది. గుడ్డ టాపు నుంచి ఊడిన వెనకద్దాన్ని మళ్ళీ అతికించాను. దాని చుట్టూ మీరు పూసిన జిగురు గోకడానికే ఒక పూట పట్టింది. పాత జిగురు తీయకుండా కొత్తది పూస్తే పట్టదన్న సంగతి మీకు తెలియకపోవడం తప్పు కాదు. అది ఆరకముందే టాపు మడిచి, నలుగురూ చూడాలని వీధులన్నీ తిరిగారు చూడండి, అది మాత్రం తెలియక చేసింది కాదు.

అంతవరకైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. నిన్న మేనకోడలు షెడ్డుకొచ్చి, తడిసిన వెనక సీటు చూపించి, "మామయ్యా, నేను నీళ్ళు ఒలకబోయలేదు. నేనే పోశానని నాన్న అమ్మతో చెప్పాడు. అమ్మ కొట్టింది" అంది. అద్దం అంచు నుంచి వాన నీళ్ళు కారిన చార టాపు లోపల ఇంకా కనిపిస్తూనే ఉంది. అంత పెద్దమనిషికి దాక్కోవడానికి ఏడేళ్ళ పిల్ల చాటు దొరికిందన్నమాట!

ఫోనులో అడిగితే, "చిన్నపిల్ల బావా, రేపటికి మర్చిపోతుందిలే" అన్నారు. ఫోను పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

కారు తాళం నా దగ్గరే ఉంటుంది. ఆ పిల్ల ఎదురుగా మా చెల్లెలికి నిజం చెప్పండి. చెప్పారో లేదో మిమ్మల్ని అడగను, ఆ పిల్లనే అడుగుతాను. అబద్ధమాడటం దానికింకా రాదు. ఆ ఒక్క విషయంలో మా వైపు పోలిక.

ఇట్లు,
మీ బావ